ఒకటి నొక్కితే ఇస్త్రీ పెట్టె

ఆ ఉదయం బుల్లి సగం దారిలోంచి వెనక్కి తిరగడం అది మూడోసారి. మొదటి రెండుసార్లూ ఎవరికీ ఏమీ కాలేదు. మూడోసారి తిరిగినప్పుడు మాత్రం, సైకిలు వెనక నాలుగు ట్యూబులైట్లు అడ్డంగా కట్టుకుని వస్తున్న మనిషి ఆమెను తప్పించబోయి, గోడను తప్పించలేకపోయాడు.

నాలుగూ ఒకేసారి పగిలాయి. ఆ చప్పుడుకి వీధిలో కిటికీలన్నీ తెరుచుకున్నాయి. అతను గాజుపెంకుల మధ్య నిలబడి తిట్టడానికి తగిన మాట ఒకటి వెతుక్కుంటూ ఉంటే, ఆ అమ్మాయి అతని జేబులోంచి తొంగిచూస్తున్న టెస్టరు వంక చూసింది.

"మీరు కరెంటు పని చేస్తారా?" అంది.

"ఇప్పటిదాకా చేశానండీ. ఈ ట్యూబులైట్ల సంగతి మా అక్కకి తెలిశాక చేస్తానో లేదో."

"ఇస్త్రీ పెట్టె ఆపకుండా వచ్చేస్తే ఎంతసేపటికి అంటుకుంటుంది?"

తిట్టు అతని నోట్లోనే ఉండిపోయింది. ఆమె మొహంలో గొడవ పడే ఉద్దేశమేమీ లేదు. ఆ కళ్ళు సగం అతని మీద, సగం ఇంట్లో ఎక్కడో ఉన్నాయి. ఆపారా లేదా అని అడిగాడు. ఆపాననే అనుకుంటున్నాను, కానీ ఒకసారి అలా అనుకున్న రోజునే ఆపలేదు అంది.

సైకిలు గోడకి ఆనించి అతను ఆమె వెంట నడిచాడు. తీరా వెళ్ళి చూస్తే ఇస్త్రీ పెట్టె ఆపేసే ఉంది, రాయిలా చల్లగా ఉంది. దాని పక్కన బల్ల మీద మాత్రం ఇంకో ఇస్త్రీ పెట్టె ఆకారంలో నల్లగా కాలిన గుంట ఉంది. పోయిన ఏడాది ఆమె ఇంటికి వచ్చేసరికి అందులోంచి పొగ వస్తోందట. పక్కగదిలో అమ్మమ్మ నిద్రపోతోందట.

అమ్మమ్మకి చెవులు వినపడవు. ఫోను చేస్తే ఎత్తదు. వయసులో ఉన్నప్పుడు ఒకసారి షాక్ కొట్టిందని అప్పట్నుంచి స్విచ్చు జోలికి పోదు. లైటు వేయాలన్నా మనవరాలే వేయాలి. ఆ మనవరాలు పదో తరగతి సగంలో చదువు మానేసి, పళ్ళ డాక్టరమ్మ దగ్గర రిసెప్షన్లో కూర్చుని ఆ ఇల్లు నడుపుతోంది. ఇలా వెనక్కీ ముందుకీ నడిచి రోజూ ఆలస్యమవుతోంది. ఈ నెలలో ఇంకొక్క రోజు ఆలస్యమైతే వేరే మనిషిని చూసుకుంటానని డాక్టరమ్మ నిన్ననే చెప్పేసింది.

"దీనికి ఫోనుతో ఏదైనా చేయొచ్చండీ," అన్నాడు అతను. అప్పటికి ఏం చేయొచ్చో అతనికి తెలియదు.

అతన్ని అందరూ ఫ్యూజు అంటారు. పని నేర్చుకునే కొత్తలో ఒకరింట్లో కాలింగ్ బెల్లు బిగించబోయి వీధి వీధంతా ఫ్యూజు పోగొట్టిన ఘనత అతనిది. ఎలక్ట్రికల్ షాపు అక్కది. టంకం పెట్టేటప్పుడు ఆమె చెయ్యి ఎంత నిలకడగా ఉంటుందో, నోరు అంత వేడిగా ఉంటుంది. ట్యూబులైట్ల సంగతి విని ఆమె ఏమందో ఇక్కడ రాయనక్కర్లేదు. అయితే తిట్లు అయిపోయాక, నీకు చేతకాదు ఇలా తే అని ఆ డబ్బాలో సగం పని తనే చేసిపెట్టింది.

డబ్బాలో ఒక పాత ఫోను ఉంటుంది. ఆ నెంబరుకి చేస్తే అదే ఎత్తి కీమని కూస్తుంది. తర్వాత ఒకటి నొక్కితే ఇస్త్రీ పెట్టెకి కరెంటు ఆగిపోతుంది. రెండు ముందుగది లైటు, మూడు ఫ్యాను, నాలుగు నీళ్ళ మోటారు. పని కాగానే డబ్బా మాట్లాడి చెబుతుంది. ఆ మాటలు ఫ్యూజే రికార్డు చేశాడు. మామూలుగా మాట్లాడితే అప్పు అడుగుతున్నట్టుంది అని అక్క వంక పెట్టడంతో, ముక్కు పట్టుకుని మాటకీ మాటకీ మధ్య ఆగుతూ చెప్పాడు.

"ఇస్త్రీ. పెట్టె. ఆగి. ఉంది."

బుల్లి నాలుగు రోజులు టైముకి పనికి వెళ్ళింది. సగం దారిలో ఆగేది, ఫోను చేసేది, ఒకటి నొక్కేది, విని ముందుకి నడిచేది. వీధి మలుపులో ఎదురైతే, మీ డబ్బా బంగారం ఫ్యూజుగారూ అనేది. ఆ పేరుకి గారు తగిలించిన మనిషి లోకంలో ఆమె ఒక్కతే. అతనికి ఆ రోజంతా కాళ్ళు నేల మీద ఆనేవి కావు.

అయిదో రోజు డబ్బాలో బల్లి దూరింది.

పది గంటలకి అమ్మమ్మ స్వయంగా షాపుకి వచ్చి, మీ డబ్బా కమురు కంపు కొడుతోంది నాయనా అని చెప్పింది. వెళ్ళి విప్పితే లోపల బల్లికీ ప్రాణం లేదు, డబ్బాకీ ప్రాణం లేదు. మాడిపోయిన ముక్క ఈ ఊళ్ళో దొరకదు, పదిరోజులు పడుతుంది.

ఆ అమ్మాయికి చెప్పెయ్ అంది అక్క. చెబుదామనే ఫ్యూజు క్లినిక్కి వెళ్ళాడు. అద్దం తలుపులోంచి బుల్లి కనిపించింది. పన్ను పీకించుకోవడానికి వచ్చి ఏడుస్తున్న ఓ చిన్నపిల్లకి తన పళ్ళు చూపించి నవ్విస్తోంది. ఆమె కళ్ళు రెండూ ఒకేచోట ఉండగా చూడటం అతనికి అదే మొదలు. ఇంట్లో సగం, ఇక్కడ సగం కాకుండా పూర్తిగా అక్కడే ఉంది.

అతను తలుపు తీయకుండానే తిరిగి వచ్చాడు. డబ్బాని ఉన్నచోటే ఉంచి, ఇస్త్రీ పెట్టెకి కరెంటు నేరుగా కలిపి, అందులో సిమ్ము తీసి తన పాత ఫోనులో వేసుకున్నాడు.

"అయితే నువ్వు మిషనువైపోయావన్నమాట," అంది అక్క.

"పదిరోజులే కదక్కా."

"నాకేం. మిషనుకి టిఫిను పెట్టే పని లేదు."

మిషనుగా ఉండటం అంత తేలికేమీ కాదు. ముందు ఏ అంకె నొక్కిందో చెవితో పట్టాలి. ఒక్కో అంకెకి ఒక్కో రకం కూత. అక్క ఒక సాయంత్రమంతా షాపులో కూర్చుని అంకెలు నొక్కుతూ అతనికి పాఠం చెప్పింది. ఒకటి బొంగురు, మూడు కాస్త కీచు, నాలుగు వచ్చేసరికి మళ్ళీ తికమక. తర్వాత, "కొంత. సేపు. ఆగండి." అని చెప్పి, చేస్తున్న పని ఎక్కడిదక్కడ వదిలేసి, సైకిలెక్కి నాలుగు నిమిషాల్లో వాళ్ళింటికి వెళ్ళాలి. తెరిచిన తలుపులోంచి లోపలికి పోయి, ప్లగ్గు చూసి, పెట్టె అడుగున అరచెయ్యి ఆనించి చూడాలి. ఆమె మళ్ళీ చేసినప్పుడు ఆగి ఉంది అని చెప్పాలి.

ఎందుకో గానీ చూడకుండా చెప్పడానికి అతనికి నోరు రాలేదు. మొదటి రోజు రెండుసార్లు వెళ్ళాడు. రెండో రోజు అయిదుసార్లు. ఆమె పనికి వెళ్ళాక కూడా అనుమానం వచ్చినప్పుడల్లా చేస్తుందని అతనికి అప్పుడే తెలిసింది.

ఒకసారి నీళ్ళ ట్యాంకు పక్కన నిచ్చెన మీద ఉండగా మోగింది. ముక్కు పట్టుకుని, "కొంత. సేపు. ఆగండి." అన్నాడు. కింద నిలబడ్డ ఇంటాయన ఆగాడు. చాలాసేపే ఆగాడు. ఎండదెబ్బ తగిలినట్టుంది పాపం అని ఇంట్లోవాళ్ళతో చెప్పి, దిగివచ్చిన ఫ్యూజు నెత్తి మీద చెంబుడు నీళ్ళు పోశాడు.

ఆరో రోజు వాన. మామూలు వాన కాదు, ఎవరిమీదో కసి తీర్చుకుంటున్నట్టు కురుస్తోంది. తడిసి ముద్దయి వచ్చిన అతనికి అమ్మమ్మ తువ్వాలు అందించింది. ఆమె ఏనాడూ ఏమీ అడగలేదు, మనవరాలితోనూ ఏమీ అనలేదు. రోజూ వస్తాడు, ఇస్త్రీ పెట్టెని ముట్టుకుంటాడు, వెళ్తాడు. ఆమె అతనికి డబ్బా అబ్బాయి అని పేరు పెట్టుకుంది. ఇంతలో ఫోను మోగింది.

"ఇస్త్రీ. పెట్టె. ఆగి. ఉం..." అంటూ ఉండగా పెద్ద తుమ్ము వచ్చింది.

ఫ్యూజు చెమటలు వానలో కలిసిపోయాయి.

"సాంకేతిక. లోపం," అన్నాడు.

పాపం, తేమకేమో అనుకుంటూ ఆమె పెట్టేసింది.

ఏడో రోజు మాత్రం ఆగి ఉంది అని చెప్పాక కూడా ఆమె పెట్టేయలేదు. ఎవరూ లేరనుకుని ఫోనులో మాట్లాడటం మొదలుపెట్టింది.

"ఒరే డబ్బా, నువ్వే నయంరా. అందరూ నన్ను చూసి, ఆపేశావులే పద అంటారు. ఒక్కరూ వెళ్ళి చూడరు. నా నోరు మూయించడానికి అంటారు. నువ్వొక్కడివే చూసి చెబుతావు."

ఫ్యూజు వాళ్ళ ముందుగదిలో ఇస్త్రీ పెట్టె పక్కనే నిలబడి విన్నాడు. ఫోను పెట్టేయాల్సింది. పెట్టేయలేదు.

"నిన్ను చేసిన ఆయన ఉన్నాడే," అంది ఆమె కాస్త ఆగి, "ఆ జుట్టు చూశావా? షాక్ కొట్టినట్టు ఎప్పుడూ పైకే ఉంటుంది. చొక్కాకి రెండో గుండీ ఉండదు. ఓసారి ఇటిస్తే కుట్టిపెడతాను అనాలని ఉంటుంది. బాగోదు కదా. నీతో అంటే ఏం, నువ్వు డబ్బావి."

ఆ సాయంత్రం ఫ్యూజు తలకి నూనె పెట్టుకోవడం చూసి అక్క స్క్రూడ్రైవరు కింద పెట్టింది. గుండీ కుట్టిపెట్టమని చొక్కా ఇస్తే ఏమీ అనకుండా కుట్టింది. ఆమె ఏమీ అనలేదంటే విషయం పూర్తిగా అర్థమైందని లెక్క.

మర్నాడు పొద్దున మలుపులో బుల్లి అతన్ని చూసింది, గుండీని చూసింది, పలకరించకుండా తల దించుకుని వెళ్ళిపోయింది. అరగంటలో ఫోను.

"ఇవాళ గుండీ ఉందిరా డబ్బా. జుట్టు కూడా అణిగింది. ఎవరో ఉన్నట్టున్నారు. ఎవరై ఉంటారంటావ్?"

ఆ గొంతు అలా వాడిపోయి వినిపిస్తుంటే ఎంతటి మిషనైనా ఓర్చుకోలేదు.

"అ. క్క," అంది మిషను.

అని, ఫోను కట్ చేసి, తల గోడకేసి కొట్టుకున్నాడు ఫ్యూజు. ఏదో లైను కలిసిందని అనుకోవాలని ఎంతమంది దేవుళ్ళకి మొక్కుకున్నాడో. అనుకున్నట్టే ఉంది, మధ్యాహ్నం మామూలుగానే ఫోను చేసి ఒకటి నొక్కింది.

ఆ రాత్రి అన్నం ముందు అక్క సూటిగా చెప్పింది. "ఆ పిల్ల నిన్ను నమ్మట్లేదురా. డబ్బాని నమ్ముతోంది. నువ్వు ఆ పిల్ల మాటలన్నీ దొంగచాటుగా వింటున్నావు. ముక్క రేపు వస్తుంది. బిగించేసి ఊరుకుందామని అనుకుంటున్నావు కదూ?"

అతను అదే అనుకుంటున్నాడు. నిజం చెబితే ఆమె సిగ్గుతో చచ్చిపోతుంది, తర్వాత తన మొహం చూడదు. పైగా మళ్ళీ సగం దారిలోంచి వెనక్కి తిరగడం మొదలెడుతుంది. చెప్పకపోతే ఇంకెప్పటికీ ఆమె కళ్ళలోకి చూడలేడు. ఎటు తిరిగినా ఆమె పోతుంది.

తొమ్మిదో రోజు ఆ ముక్క తేవడానికి అక్క పొరుగూరు వెళ్ళింది. ఫ్యూజు షాపు తీశాడో లేదో పళ్ళ డాక్టరమ్మ కబురు. కుర్చీ మీద పెద్ద లైటు వెలగడం లేదు, పేషెంటు నోరు తెరుచుకుని కూర్చున్నాడు, వెంటనే రావాలి.

అతను వెళ్ళేసరికి పేషెంటు నిజంగానే నోరు తెరుచుకుని కూర్చున్నాడు. నోటినిండా దూది ఉంది. ఫ్యూజు స్టూలెక్కి లైటు మూత విప్పాడు. ఇవాళ ఫోను అయితే ఇంకా రాలేదు. డాక్టరమ్మ తెల్లకోటు ఇంటికి తీసుకెళ్ళి ఇస్త్రీ చేసి తెచ్చిన హడావిడిలో బుల్లి సగం దారిలో ఆగడమే మరిచిపోయింది. రిసెప్షన్ బల్ల వెనకనుంచి ఆమె అతని వంక చూసి చిన్నగా నవ్వింది. ఆ నవ్వు పూర్తికాకముందే ఆమె కళ్ళు సగం ఇంటికి వెళ్ళిపోవడం అతను స్టూలు మీదనుంచే చూశాడు.

ఆమె ఫోను తీసింది. అతని జేబు గింజుకుంది.

మెయిన్ బోర్డు చూసి వస్తానండీ అని ఏదో గొణిగి, పక్కనున్న ఎక్స్‌రే గదిలోకి దూరి తలుపు వేసుకున్నాడు. ఫోను ఎత్తి కీమని కూశాడు. ఒకటి నొక్కిన బొంగురు కూత వినిపించింది.

ఇక్కడ్నుంచి ఆ ఇంటికి ఇరవై నిమిషాలు. కొంత సేపు ఆగండి అంటే ఆమె నాలుగు నిమిషాలకి మళ్ళీ చేస్తుంది. ఆగి ఉంది అనేస్తే అయిపోతుంది. ఆగే ఉండి ఉంటుంది కూడా. ఇన్ని రోజుల్లో ఒక్కసారే అది వేసి ఉంది, దాన్ని ముట్టుకున్న వేలు ఇంకా మండుతోంది. ఒక్క మాట అంటే ఆమె ప్రశాంతంగా పని చేసుకుంటుంది. రేపటికి అసలు డబ్బా వచ్చేస్తుంది. ఎవరికీ ఏమీ తెలియదు.

ఆపేశావులే పద, అనే అందరిలో తనూ ఒకడైపోతాడు. అంతే.

ముక్కు మీంచి చెయ్యి తీసేశాడు.

"తెలియదండీ," అన్నాడు తన గొంతుతోనే. "నేనిప్పుడు అక్కడ లేను."

ఆ మాట బుల్లికి రెండుసార్లు వినిపించింది. ఒకసారి చెవి దగ్గర, ఒకసారి తలుపు అవతల. ఆమె లేచి వచ్చి తలుపు తీసింది. గోడనిండా పళ్ళ ఫోటోలు, వాటి మధ్య ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఫ్యూజు.

"ఎన్నాళ్ళ నుంచి?" అంది.

"డబ్బాలో బల్లి పడి మాడిపోయినప్పట్నుంచి."

"నేను చెప్పినవన్నీ విన్నారా?"

"విన్నాను."

"గుండీ..."

"అది మా అక్కే కుట్టిందండీ."

ఆమె మొహంలో కోపం, సిగ్గు ఒకదాన్నొకటి తోసుకున్నాయి. ఆ రెంటినీ తోసేసి భయం ముందుకొచ్చింది. ముందు ఇంటికి పదండి అంది. డాక్టరమ్మ వైపు తిరిగి, ఉద్యోగం ఉంచినా తీసేసినా తను ఇప్పుడు వెళ్ళాల్సిందేనని చెప్పింది. డాక్టరమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"వెళ్ళి త్వరగా రా. ఆయన్ని కూడా వెంటబెట్టుకుని రా, లైటు సగంలో ఉంది."

నోటినిండా దూది ఉన్న పేషెంటు కూడా, వెళ్ళమ్మా అన్నట్టు చెయ్యి ఊపాడు.

సైకిలు వెనక కూర్చుని ఆమె సీటు కింద స్ప్రింగు పట్టుకుంది గానీ అతన్ని పట్టుకోలేదు.

"రోజూ నాతో అబద్ధం చెప్పారు," అంది చివరికి.

"మిషన్నని చెప్పడం ఒక్కటే అబద్ధం అండీ. మిగతాదేదీ కాదు." ఎత్తు ఎక్కుతూ రొప్పుతున్నాడు. "ఆగి ఉంది అన్న ప్రతిసారీ చూసే అన్నాను."

ఆమె నమ్మిందో లేదో అతనికి కనిపించలేదు. వెనక్కి తిరిగి చూద్దామంటే ఎదురుగా మళ్ళీ గోడ ఉంది.

ఇంట్లో అమ్మమ్మ ఇస్త్రీ బల్ల ముందు కుర్చీ వేసుకుని, చేతికర్ర ఒళ్ళో పెట్టుకుని కాపలా కూర్చుంది. ప్లగ్గు నేల మీద పడి ఉంది. ఇస్త్రీ పెట్టె ఇంకా వేడిగానే ఉంది. కింద పరిచిన దుప్పటి అంచు గోధుమరంగుకి తిరిగింది.

బుల్లి వంగి ఆ అంచుని వేలితో తడిమి చూసింది.

"పెట్టె మీద ఎర్ర లైటు వెలుగుతోందే," అంది అమ్మమ్మ. "డబ్బా అబ్బాయి రోజూ ఈపాటికి వచ్చేసేవాడు, ఇవాళ రాలేదు. చూసి చూసి, కళ్ళు మూసుకుని, ఈ కర్రతో ఆ ప్లగ్గుని ఒక్కటి కొట్టాను."

తర్వాత అమ్మమ్మ, తనకి వినపడదు కాబట్టి ఎవరూ అడ్డుపడరన్న ధీమాతో, మొత్తం చెప్పింది. వాన రోజు ఎలా వచ్చాడో. వేలు కాల్చుకుని కుళాయి కింద పెట్టుకుని ఎలా ఎగిరాడో. ఓ రోజు టైరు పంక్చరైతే ఎలా పరిగెత్తుకుంటూ వచ్చాడో. నువ్వు ఒక్కసారి వచ్చి చూసుకునేదానివి, వాడు నీ బదులు పదిసార్లు వచ్చాడే అంది.

బుల్లి అతని దగ్గరికి వచ్చింది. కాలిన వేలు చూపించమంది. చూసింది. వదల్లేదు.

"ఇవాళ కూడా ఆగి ఉందనే చెప్పి ఉండొచ్చు కదా?"

"చూడలేదు కదండీ."

ఆమె కళ్ళు రెండూ అతని మీదే ఉన్నాయి. ఫ్యూజుకి ఆ వెలుతురు కాస్త ఎక్కువైంది.

"నా మనసులోవన్నీ మీరు వినేశారు," అంది. "ఇప్పుడు మీరు చెప్పండి. నేను వింటాను. ముక్కు పట్టుకోకుండా."

అతనికి ముక్కు పట్టుకుంటేనే మాటలు వచ్చేటట్టున్నాయి. జుట్టు సవరించుకున్నాడు, అది మళ్ళీ లేచింది. గొంతు సవరించుకున్నాడు. ఫోనులో విన్న మాటలకి క్షమించమన్నాడు. గారు అని పిలిచినప్పుడు ఎలా ఉంటుందో చెప్పాడు. క్లినిక్ అద్దం తలుపు దగ్గర నిలబడి చూసింది చెప్పాడు. ఇక చెప్పడానికి ఒక్కటే మిగిలింది, అది ఎంత లాగినా పైకి రాలేదు. నేల మీద ప్లగ్గు వంక చూస్తూ, వినపడీ వినపడకుండా అనేశాడు.

"ఏమంటున్నాడే?" అంది అమ్మమ్మ.

బుల్లి మొహం ఎర్రబడింది. ఏం లేదులే అన్నట్టు చెయ్యి ఊపింది. అమ్మమ్మ ఒప్పుకోలేదు. కుర్రాడి పెదాలు అంతగా వణికాయంటే ఏం లేకపోవడమేమిటంది. చెప్పేదాకా కర్ర నేలకేసి కొడుతూనే ఉంది. చివరికి బుల్లి ఆమె చెవి దగ్గరికి వంగి గట్టిగా అరవాల్సి వచ్చింది.

"నన్ను పెళ్ళి చేసుకుంటాడట అమ్మమ్మా!"

ఎదురింటి కిటికీ తెరుచుకుంది. పక్కింటి కిటికీ అంతకుముందే తెరిచి ఉంది. ఎవరో రేడియో గొంతు తగ్గించారు.

"ఓహో," అంది అమ్మమ్మ. "మరి నువ్వేమన్నావు?"

బుల్లి ఒకసారి కిటికీల వంక చూసింది. ఒకసారి ఫ్యూజు వంక చూసింది. ఊపిరి పీల్చుకుని, వీధి మలుపు దాకా వినపడేలా అరిచింది.

"సరేనన్నాను!"

ఆ మాట ఆమె అప్పటిదాకా అతనికి చెప్పనేలేదు.